బీరువా ఎక్కిన ల్యాప్‌టాప్‌లో ఆల్పైన్ లినక్స్: నల్లతెర ఇన్‌స్టాలర్ చిట్కాలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ర్యామ్ కనీసం 4 జీబీ ఉండాలి, ప్రాసెసరు మరీ పాతది కాకూడదు. దాంతో పెద్దాడి బీటెక్ రోజుల్లో కొన్న ల్యాప్‌టాప్ చాలా ఇళ్లలో బీరువా మీదికి చేరింది. పాత సామాన్లవాడికి తూకానికి వేసే ముందు దానికి ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించి చూడండి.

తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు చాలానే ఉన్నాయి. ఇక్కడ చెప్పబోయేది ఆల్పైన్ లినక్స్ సంగతి. 2005లో నటానెల్ కోపా మొదలుపెట్టిన ఈ లినక్స్ తొలుత రౌటర్లు, ఫైర్‌వాల్‌ల వంటి చిన్న పెట్టెల కోసం ఉద్దేశించింది. ఇప్పుడు సర్వర్లలో, డాకర్ కంటైనర్ల లోపల ఎక్కడ చూసినా ఇదే. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మేనల్లుణ్ణి అడిగి చూడండి, పేరు వినగానే గుర్తుపడతాడు. ఇంట్లో వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ. కారణం ఒక్కటే. మౌస్‌తో నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయే ఇన్‌స్టాలర్ దీనికి లేదు. నల్లతెర మీద ఒక్కో ప్రశ్న అడుగుతుంది, జవాబు టైపు చేసి ఎంటర్ కొట్టాలి. అంతా కలిపి పది పన్నెండు ప్రశ్నలు. తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు నింపడం కన్నా తేలిక. జవాబులు ముందే సిద్ధంగా ఉంటే అరగంటలో తేలిపోయే పని.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు చిన్నక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరం అవసరమైన చోట విడిగా చెబుతాం.

1. ముందుగా, ఇది ఎవరికి పనికిరాదో చూసుకోండి. అనూ ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో డీటీపీ చేసేవాళ్లు దీని జోలికి రావద్దు. ట్యాలీలో లెక్కలు రాసుకునేవాళ్లూ అంతే. ఆల్పైన్ చాలా లినక్స్‌లలా గ్లిబ్‌సీ అనే లైబ్రరీ మీద కాకుండా మజిల్ అనే చిన్న లైబ్రరీ మీద నడుస్తుంది. 2014లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. దాని తేలికదనానికి ఇదొక కారణం. కంపెనీలు తయారుచేసి ఇచ్చే గూగుల్ క్రోమ్, కొన్ని ప్రింటర్ల డ్రైవర్లు నేరుగా ఎక్కకపోవడానికీ ఇదే కారణం. ఫైర్‌ఫాక్స్, క్రోమియం హాయిగా నడుస్తాయి. అయితే డబ్బు కట్టి చూసే సినిమా సైట్లకు కావలసిన తాళం వీటిలో ఉండదు కాబట్టి నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఆడవు. యూట్యూబ్, ఈ-పేపర్లు, మెయిలు, పిల్లల ప్రోగ్రామింగ్ సాధన, ఉత్తరాలు రాసుకోవడం వంటి వాటికైతే నిక్షేపంగా సరిపోతుంది.

2. పాత డిస్క్‌లో ఉన్నదంతా బయటికి తీయండి. ఈ పనిలో డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లు అందరికీ గుర్తుంటాయి. డీ డ్రైవ్, ఈ డ్రైవ్ మరిచిపోతారు. పెళ్లి ఫొటోలు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు, ఫారం 16లు సాధారణంగా అక్కడే ఉంటాయి. ఆ మెషీన్లో ట్యాలీ లైసెన్సు ఉంటే, తుడవకముందే ట్యాలీ లోపలికి వెళ్లి లైసెన్స్ సరెండర్ చేసుకోండి. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడటం మానకండి.

3. ప్రాసెసరు 32 బిట్టా, 64 బిట్టా తెలుసుకోండి. విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ అనే చోట ఉంటుంది. ఒక మెలిక ఉంది. అక్కడ విండోస్ 32 బిట్ అని ఉన్నా ప్రాసెసరు 64 బిట్ది కావచ్చు. 'ఎక్స్64 బేస్డ్ ప్రాసెసర్' అని రాసి ఉంటే 64 బిట్ ఇమేజే (అంటే ఇన్‌స్టాలర్ ఫైలే) తీసుకోండి. 2008 నుంచి కొన్నేళ్లు చిన్న నెట్‌బుక్‌లు తెగ అమ్ముడయ్యాయి. వాటిలో చాలా వాటికి ఉండే ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసరు 32 బిట్ మాత్రమే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి అలాంటి మెషీన్ల ఇన్‌స్టాలరే లేదు. ఆల్పైన్‌లో 'ఎక్స్86' పేరుతో ఇంకా ఉంది.

4. ఆల్పైన్ సొంత సైట్‌లో డౌన్‌లోడ్ పేజీకి వెళితే స్టాండర్డ్, ఎక్స్‌టెండెడ్, నెట్‌బూట్, వర్చువల్ అని రకరకాల ఇమేజ్‌లు కనిపిస్తాయి. ఇంటి ల్యాప్‌టాప్‌కి స్టాండర్డ్ చాలు. దిగాక చెక్‌సమ్ సరిచూడండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్, ఖాళీ, మైనస్ గుర్తుతో హాష్‌ఫైల్, ఆ తర్వాత ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని కొడితే పొడవాటి అంకెల, అక్షరాల వరుస వస్తుంది. సైట్‌లో ఇచ్చిన దానితో మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు పోల్చుకున్నా ఇంటి అవసరానికి సరిపోతుంది. సెల్ సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్లలో డౌన్‌లోడ్ సగంలో తెగిపోవడం మామూలే. అలాంటి చోట ఈ రెండు నిమిషాలు దండగ కావు.

5. పెన్‌డ్రైవ్ 1 జీబీది దొరికినా సరిపోతుంది. ఇమేజ్ ఫైలుని దాంట్లోకి కాపీ, పేస్ట్ చేస్తే బూట్ అవ్వదు. రూఫస్‌తో గాని, బలీనా ఎచర్‌తో గాని రాయాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ పోతాయని వేరే చెప్పక్కర్లేదు.

6. ధైర్యం చాలకపోతే ముందు రిహార్సల్ వేయండి. ఇంట్లో ఉన్న మంచి కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని, వంద ఎంబీ కూడా లేని వర్చువల్ ఇమేజ్‌తో అదే ఇన్‌స్టాలర్‌ని నడపవచ్చు. ప్రశ్నలన్నీ దాదాపు అవే. అక్కడ ఎన్నిసార్లు తుడిచినా నష్టం లేదు. ఒకసారి అలా చేసినవాళ్లు అసలు మెషీన్ దగ్గర తడబడరు.

7. కాగితం మీద ఇవి రాసిపెట్టుకోండి: కంప్యూటర్‌కి పెట్టబోయే పేరు, వైఫై పేరు, దాని పాస్‌వర్డ్ (పెద్ద, చిన్న అక్షరాల తేడాతో సహా), రూట్ (అంటే సర్వాధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్, మీ యూజర్ పేరు, దాని పాస్‌వర్డ్, హార్డ్ డిస్క్ సైజు. ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకో 17వ చిట్కాలో చూడండి. పనయ్యాక పాస్‌వర్డ్‌ల కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించకండి.

8. తేదీ చూడండి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న మెషీన్లో మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయి గడియారం ఎప్పటికో వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది. తేదీ తప్పుంటే సురక్షిత సైట్లు సర్టిఫికెట్ చెల్లదంటూ తెరుచుకోవు. జనం ఇంటర్నెట్ పాడైందనుకుని రౌటర్‌ని తిప్పలు పెడతారు. కాబట్టి ముందు బయోస్‌లోకి వెళ్లి తేదీ, టైము సరిచేయండి. కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ మళ్లీ తప్పుతుంటే ఆ బ్యాటరీ మార్పించండి. చాలా వాటిలో సీఆర్2032 రకం ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానికే వైరు అతికించి ఉంటుంది. బయోస్‌లో ఉండగానే సెక్యూర్ బూట్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఆల్పైన్ పెన్‌డ్రైవ్ లేవదు. బూట్ మెనూకి డెల్, లెనోవో మెషీన్లలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 పనిచేస్తాయి.

9. వీలైతే వైఫై బదులు ల్యాన్ కేబుల్ పెట్టండి. లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి. చాలా ఫోన్లకి 'యూఎస్‌బీ0' అనే పేరుతో అది నెట్‌వర్క్‌గా కనిపిస్తుంది. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉన్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి వైఫై అసలు కనిపించదు. అలాంటప్పుడు మెషీన్‌ని తిట్టి లాభం లేదు, కేబులే దిక్కు. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, ఇన్వర్టర్ మీద ఉన్న ప్లగ్గులోనే పెట్టండి.

10. బూట్ అయ్యాక 'లాగిన్' అని అడుగుతుంది. రూట్ అని కొట్టండి. పాస్‌వర్డ్ అడగదు. ఆ తర్వాత సెటప్, మధ్యలో చిన్న అడ్డగీత, ఆల్పైన్ అని కలిపి కొట్టి ఎంటర్. అంతే, ప్రశ్నలు మొదలవుతాయి. ఈ సమయంలో సిస్టమ్ మొత్తం ర్యామ్ లోనే నడుస్తుంటుంది, హార్డ్ డిస్క్ జోలికి ఇంకా పోలేదు. డిస్క్ ప్రశ్న దాకా వెళ్లి మనసు మార్చుకున్నా, కంట్రోల్, సీ కలిపి నొక్కి బయటపడవచ్చు. మీ విండోస్ చెక్కుచెదరదు.

11. ఈ ఇన్‌స్టాలర్ భాషలో తెలియాల్సిన వ్యాకరణం రెండే సూత్రాలు. ప్రశ్న చివర చదరపు బ్రాకెట్లలో ఉన్నది, ఏమీ టైపు చేయకుండా ఎంటర్ కొడితే అది తనంతట తాను తీసుకునే జవాబు. రెండోది, చాలా ప్రశ్నలకి ప్రశ్నార్థకం గుర్తు కొట్టి ఎంటర్ ఇస్తే వివరణో జాబితానో చూపిస్తుంది. బ్రాకెట్లలో ఉన్నదాన్ని ఎవరో ఆలోచించి పెట్టారు. ఐపీ అడ్రస్ ప్రశ్నకి అక్కడ 'డీహెచ్‌సీపీ' ఉంటుంది, ఇళ్లలో కావలసింది అదే. ప్రాక్సీ ప్రశ్నకి 'నన్' ఉంటుంది, అదీ సరైనదే. డిస్క్ ఏది వాడాలి అన్న చోట కూడా 'నన్' ఉంటుంది, తుడిచేయనా అన్న చోట 'ఎన్', అంటే వద్దు అని ఉంటుంది. అంటే కళ్లు మూసుకుని ఎంటర్ కొట్టుకుంటూ పోయినా మీ డేటా పోదు. నష్టం జరగాలంటే మీరు పనిగట్టుకుని డిస్క్ పేరు, ఆ తర్వాత వై అక్షరం టైపు చేయాలి. బొమ్మల ఇన్‌స్టాలర్లు అన్నీ ఇంత మర్యాదగా ఉంటాయని చెప్పలేం.

12. కీబోర్డు లేఅవుట్ అడిగితే యూఎస్, వేరియంట్ అడిగితే మళ్లీ యూఎస్. మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌ల కీబోర్డు అమరిక అదే. ఇక్కడ 'ఐఎన్' అని ఇండియా లేఅవుట్ కనిపించినా ఎంచుకోవద్దు. నల్లతెర కన్సోల్ తెలుగు లిపిని చూపించలేదు. దానికి పట్టే అక్షర రూపాలే 512. తెలుగు టైపింగ్ సంగతి డెస్క్‌టాప్ వచ్చాక చూసుకుందాం. హోస్ట్‌నేమ్‌కి ఖాళీలు లేని చిన్న ఇంగ్లిషు పేరు ఇవ్వండి.

13. నెట్‌వర్క్ ప్రశ్నలో దొరికిన ఇంటర్‌ఫేస్‌ల పేర్లు వరసగా చూపిస్తుంది. 'ఈటీహెచ్0' అంటే కేబుల్, 'డబ్ల్యూల్యాన్0' అంటే వైఫై. వైఫై ఎంచుకుంటే చుట్టుపక్కల ఉన్న నెట్‌వర్క్‌ల పేర్లు వస్తాయి. పక్కింటివాళ్లవీ ఉంటాయి. మీ పేరుని అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. అన్నీ అయ్యాక మాన్యువల్‌గా ఏమైనా మార్చాలా అని అడుగుతుంది, ఎంటర్ కొట్టి వద్దనండి.

14. పాస్‌వర్డ్ టైపు చేస్తుంటే తెర మీద ఏమీ కనిపించదు. చుక్కలూ రావు, నక్షత్రాలూ రావు, కర్సర్ కూడా కదలదు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కీబోర్డు పట్టేసిందనుకుని అదే కీని పదిసార్లు నొక్కుతారు. ఆ పదీ పాస్‌వర్డ్‌లో చేరిపోతాయి. అలాంటి అనుమానం వస్తే బ్యాక్‌స్పేస్‌ని బాగా ఎక్కువసేపు నొక్కి పట్టుకుని మొదట్నుంచి కొట్టండి. క్యాప్స్ లాక్ దీపం వెలగడం లేదు కదా అని ముందొక చూపు చూడండి. ఇది రెండుసార్లు అడుగుతుంది, రెండూ కలవకపోతే కలవలేదని చెబుతుంది కాబట్టి గండం లేదు.

15. టైమ్‌జోన్‌కి ఏషియా, ముందుకు వాలిన గీత, కోల్‌కతా. ఏషియాలో ఏ, కోల్‌కతాలో కే పెద్దక్షరాలు, మిగతావన్నీ చిన్నవి. హైదరాబాద్ అనో విజయవాడ అనో కొడితే దొరకదు. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి ఇంట్లో పెడుతుంటే అమెరికా, గీత, షికాగో; ఇక్కడా రెండు పేర్ల మొదటి అక్షరాలు పెద్దవే. అక్కడి సెంట్రల్ టైముకి అదే పేరు. సమయం సరిచూసే ప్రోగ్రామ్ ఏది అంటే బ్రాకెట్లో ఉన్న క్రోనీకి ఎంటర్ కొట్టేయండి.

16. తర్వాత మిర్రర్, అంటే సాఫ్ట్‌వేర్ గోదాము ఎక్కడిది కావాలి అనే ప్రశ్న. ముందుగా సీ అక్షరం కొట్టండి. దాంతో కమ్యూనిటీ అనే రెండో గోదాము కూడా తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్, డెస్క్‌టాప్ సరంజామా చాలావరకు అందులోనే ఉన్నాయి. దాన్ని తెరవకుండా ముందుకెళ్లి, ఆనక ఫైర్‌ఫాక్స్ లేదంటోందని వాపోయేవాళ్లు కోకొల్లలు. ఆ తర్వాత 1 నొక్కితే చాలు. ఎఫ్ నొక్కితే అన్నిటికన్నా వేగమైన మిర్రర్ ఏదో వెతికిపెడుతుంది గాని, ప్రపంచమంతా తిరిగి రావాలి కాబట్టి టీ తాగేంత టైము పడుతుంది. దీని తర్వాత యూజర్ పేరు అడుగుతుంది. బ్రాకెట్లో 'నో' ఉన్నా ఇక్కడ మాత్రం ఎంటర్ కొట్టేయకుండా మీ పేరుని చిన్నక్షరాల్లో ఇవ్వండి. రోజూ రూట్‌తో లాగిన్ కావడం మంచిది కాదు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ గురించి అడిగితే ఇంటి ల్యాప్‌టాప్‌కి 'నన్' చాలు. దూరం నుంచి లోపలికి వచ్చే తలుపు అది, మనకి అవసరం లేదు.

17. ఇక అసలు ప్రశ్న. దీనికి ముందు వేరే పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లు, ముఖ్యంగా ఫొటోలు దాచుకున్నది, అన్నీ పీకి పక్కన పెట్టండి. తెర మీద 'అవైలబుల్ డిస్క్స్ ఆర్' అని వచ్చి, దాని కింద డిస్క్ పేరు, పక్కన సైజు, తయారీ కంపెనీ పేరు కనిపిస్తాయి. మామూలు హార్డ్ డిస్క్ అయితే 'ఎస్‌డీఏ' అనీ, సైజు 500.1 జీబీ అనీ ఉండవచ్చు. కాస్త కొత్త మెషీన్లలో పేరు 'ఎన్‌వీఎంఈ'తో మొదలవుతుంది. ఇప్పుడు కాగితం తీయండి. మీరు రాసుకున్న సైజు ఏ పేరు పక్కన ఉందో చూడండి. పేరుని నమ్మవద్దు, సైజుని నమ్మండి. ఎందుకంటే ఏ, బీ అనే అక్షరాలు డిస్క్‌లు దొరికిన వరసని బట్టి పడేవి. ఈరోజు 'ఎస్‌డీఏ' అయినది పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే రేపు 'ఎస్‌డీబీ' కావచ్చు. విండోస్‌లో ఇదే డిస్క్ 465 జీబీ అని కనిపించి ఉంటుంది. కంగారు పడకండి, లెక్కకట్టే పద్ధతిలో తేడా. విండోస్ ఒక జీబీకి 1024 ఎంబీల లెక్క వేస్తుంది, ఇది 1000 లెక్కన చూపిస్తుంది. సరైన పేరు కొట్టాక ఎలా వాడాలి అంటుంది. సిస్, అంటే ఎస్-వై-ఎస్ అని కొట్టండి. అప్పుడు 'వార్నింగ్' అంటూ తుడిచేయబోయే డిస్క్ పేరు, సైజు మళ్లీ ఒకసారి చూపించి, కొనసాగించనా అంటుంది. ఆ వరుసని వేలు పెట్టి చదివి, అప్పుడు వై కొట్టండి. దీని తర్వాత వెనక్కి రావడం ఉండదు.

18. డిస్క్ ప్రశ్నకి 'నన్' అని వదిలేస్తే ఇన్‌స్టాలర్ అలిగి ఆగిపోదు, డిస్క్ లేకుండానే ర్యామ్‌లో నడిచే పద్ధతికి వెళుతుంది. చిన్న సర్వర్లకి ఆ పద్ధతి బాగుంటుంది. ఇంటి మెషీన్లో మాత్రం, అంతా అయిపోయిందనుకుని స్విచ్ ఆపితే మీరు పెట్టినవన్నీ మాయమవుతాయి. 'ఇన్‌స్టలేషన్ ఈజ్ కంప్లీట్' అనే వాక్యం కనిపిస్తేనే డిస్క్ మీదికి ఎక్కినట్టు. అది చూశాక పవరాఫ్ అని కొట్టి, మెషీన్ ఆగాక పెన్‌డ్రైవ్ తీసి, అప్పుడు ఆన్ చేయండి.

19. విండోస్‌ని ఒక పక్క ఉంచి రెండూ వాడుకుందామనే ఆలోచన మానండి. సిస్ పద్ధతి మొత్తం డిస్క్ అడుగుతుంది. చేత్తో పార్టిషన్లు కోసి రెండూ ఉంచే దారి లేకపోలేదు గాని, అది మొదటిసారి చేసేవాళ్లకి కాదు.

20. ఒక జవాబు తప్పు పడిందని మొదటికి వెళ్లక్కర్లేదు. సెటప్-ఆల్పైన్ అనేది నిజానికి చిన్నచిన్న స్క్రిప్టులని వరసగా పిలిచే ఒక పెద్ద స్క్రిప్టు. టైమ్‌జోన్ తప్పితే సెటప్-టైమ్‌జోన్, పేరు నచ్చకపోతే సెటప్-హోస్ట్‌నేమ్, నెట్‌వర్క్ అయితే సెటప్-ఇంటర్‌ఫేసెస్ విడిగా కొట్టుకోవచ్చు, ఇన్‌స్టాల్ అయ్యాక కూడా. మధ్యలో కరెంటు పోయిందా? మళ్లీ పెన్‌డ్రైవ్‌తో లేపి మొదట్నుంచి నడపండి. డిస్క్ ఎలాగూ తుడిచేసినదే, కొత్తగా పోయేదేమీ లేదు.

21. మొదటిసారి బూట్ అయ్యాక కూడా నల్లతెరే వస్తుంది. పాడైందని అనుకోవద్దు, డెస్క్‌టాప్‌ని మనమే విడిగా అడగాలి. రూట్‌గా లాగిన్ అయి సెటప్-డెస్క్‌టాప్ కొడితే గ్నోమ్, ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి పేర్లు చూపిస్తుంది. 2 జీబీ ర్యామ్ మెషీన్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ. మిగతా రెండూ చూడముచ్చటగా ఉంటాయి, కానీ బరువు ఎక్కువ. ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టినా బ్రౌజర్లో ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే ఏ తేలికపాటి సిస్టమ్ అయినా ఆయాసపడుతుంది. ర్యామ్‌ని తినేది బ్రౌజరే. చేతిలో కాస్త డబ్బుంటే, ఇదంతా మొదలుపెట్టే ముందే పాత హార్డ్ డిస్క్ తీయించి సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత మెషీన్‌కి దీనిని మించిన టానిక్ లేదు.

22. కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఏపీకే యాడ్ అని కొట్టి, పక్కన పేరు ఇవ్వడమే. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చి బ్యాంకు ఖాతా ఖాళీ చేసే ఏపీకే ఫైళ్లకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, పేరొకటే కలిసింది. మీ సొంత యూజర్‌తో ఉన్నప్పుడు ఇలాంటి పనులకి కమాండ్ ముందు డూయాజ్, అంటే డి-ఓ-ఏ-ఎస్ అని చేర్చాలి. వేరే లినక్స్‌లలో సుడో అలవాటైనవాళ్లు ఇక్కడ కాసేపు తడుముకుంటారు.

23. తెలుగు పేజీలు తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు వస్తున్నాయంటే ఫాంటు లేదన్నమాట. ఏపీకే యాడ్ తర్వాత ఫాంట్, అడ్డగీత, నోటో, అడ్డగీత, తెలుగు అని ఇచ్చి, బ్రౌజర్ మూసి తెరవండి. టైపింగ్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగ్స్‌లో కీబోర్డు, లేఅవుట్ అనే చోట ఇండియన్ కింద తెలుగుని చేర్చుకోవచ్చు. రెండు లేఅవుట్ల మధ్య మారడానికి ఒక కీ కూడా అక్కడే పెట్టుకోండి.

24. ఆల్పైన్ దాదాపు ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వదులుతుంది. ప్రధాన గోదాముకి రెండేళ్ల వరకు మరమ్మతులు వస్తాయి. కమ్యూనిటీ గోదాముకి మాత్రం తర్వాతి వెర్షన్ వచ్చేదాకానే. బ్యాంకు పనులు చేసే ఫైర్‌ఫాక్స్ ఉన్నది ఆ రెండో దాంట్లో కాబట్టి రెండేళ్లు నిశ్చింత అనుకోకూడదు. వారానికోసారి ఏపీకే అప్‌డేట్, ఏపీకే అప్‌గ్రేడ్ కొట్టండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఈటీసీ ఫోల్డర్లో, ఏపీకే లోపల ఉండే రిపాజిటరీస్ ఫైలులో వెర్షన్ నంబరు మార్చి, మళ్లీ ఏపీకే అప్‌డేట్ కొట్టి, అప్పుడు ఏపీకే అప్‌గ్రేడ్‌కి రెండు అడ్డగీతలు పెట్టి అవైలబుల్ అని చేర్చి నడపాలి. ఆ ఫైలు తెరవడానికి వీఐ ఎడిటర్‌తో కుస్తీ పట్టకుండా ముందే నానో వేసుకుంటే సుఖం.

25. ఊరి బడికో, గ్రంథాలయానికో ఒకే రకం కంప్యూటర్లు నాలుగైదు వచ్చాయనుకోండి. ప్రతిదాని ముందూ అవే జవాబులు కొడుతూ కూర్చోనక్కర్లేదు. సెటప్-ఆల్పైన్ పక్కన మైనస్ సీ, ఒక ఫైలు పేరు ఇస్తే జవాబుల నమూనా ఫైలు తయారవుతుంది. దాన్ని మీకు కావలసినట్టు దిద్ది, ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ప్రతి మెషీన్లో సీ బదులు మైనస్ ఎఫ్ ఇచ్చి అదే ఫైలుని చూపిస్తే చాలావరకు తనే నింపుకుంటుంది. ఫైలుని ఎక్కించాక ఆ రెండో పెన్‌డ్రైవ్‌ని తీసేయండి. రూట్ పాస్‌వర్డ్, డిస్క్ తుడిచేయనా అనే ప్రశ్న మాత్రం ఒక్కోదాని దగ్గరా మీ చేత్తోనే కొట్టాలి.